గుంజా, లోపల చెప్పు

మా మామగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. చెప్పాల్సిందేదైనా గుంజతో చెప్పేవారు.

ములకలపల్లి దగ్గర, అడవి మొదలయ్యేచోట మా పెంకుటిల్లు. వసారాలో నడింటి గుమ్మం పక్కన ఒక నల్లమద్ది గుంజ. కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, ఇక్కడ చవగ్గా దొరికిన నేల కొని, ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయనే దగ్గరుండి చెక్కించిన గుంజ అది. పొలం నుంచి వచ్చి మెట్టు మీద నిలబడి ముందు ఒకసారి దగ్గేవారు. కోడలు ఎదురుగా ఉంటే తప్పుకోవాలని దాని అర్థం. ఆ తర్వాత గుంజ వైపు చూస్తూ, "గుంజా, లోపల చెప్పు. ఇద్దరు మనుషులు భోజనానికి వస్తన్నారు" అనేవారు. లోపల నేను ఏదో ఒక గిన్నె చప్పుడు చేయాలి. చేస్తే విన్నట్టు. వాళ్ల వైపు మామాకోడళ్ల మర్యాద అది. ఎదురుపడకూడదు, ఎదురుగా కూర్చోకూడదు, ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడకూడదు. మా తోటికోడళ్ల వరసవాళ్ల ఇళ్లలో అత్తగార్లు మధ్యలో మాట మోసేవాళ్లు. నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారు లేరు. ఆవిడ స్థానం గుంజకి వచ్చింది.

నేనేమో మధిరలో వేరే రకంగా పెరిగాను. మా నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చర్చాసభలకి తీసుకెళ్లేవాడు. దేవుడు, ముహూర్తం, మడి, మైల, కులం, దేని మీదైనా లేచి నిలబడి ప్రశ్న అడగడం పరికిణీ వయసులోనే నేర్పాడు. నా పెళ్లి పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని జరిగింది. ఆ పెళ్లికి మామగారు వచ్చారు. చివరి వరుసలో కూర్చుని ఉపన్యాసాలన్నీ విని, భోజనం చేసి, కొడుకుతో "మంత్రాల కన్నా మీ ఉపన్యాసాలే పొడుగురా" అని వెళ్లారట. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అందుకని గుంజ మీద తెచ్చుకున్నాను. ఆడదాని చెవి కన్నా కొయ్యకి విలువ ఎక్కువైన ఇళ్ల గురించి ఒక చిన్న పత్రికకి ఘాటుగా వ్యాసం రాశాను. పత్రిక ఇంటికి వచ్చింది. మామగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. మర్నాడు మెట్టు మీద దగ్గి, "గుంజా, నీ సంగతి పేపర్లో పడింది. ఇంక మా మాట వింటావో లేదో" అన్నారు. నేను లోపల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. అవతలి పక్షం మాటకి నవ్వడమంటే ఓడిపోవడమేనని మా నాన్న పెంపకం.

ఆ సిగ్గు చిన్నది. అసలు సిగ్గు ఎనభైల చివర్లో వచ్చింది.

మామగారికి రక్తం పడుతోంది. ఎన్నాళ్ల నుంచో మాకు తెలియదు. మొలలనుకుని కంద తిన్నారు, ఎవరో ఇచ్చిన వేరు అరగదీసి తాగారు. మరకలైన పంచెలు చాకలికి వేయకుండా తనే వాగులో ఉతుక్కుని గడ్డివాము వెనక ఆరేసుకున్నారు. మా ఆయన గడ్డి తీయబోయి వాటిని చూసి అడిగితే, "ఆ చోటు సంగతి ఎవరికని చెప్పుకుంటార్రా" అన్నారు. ఖమ్మం తీసుకెళ్లాం, అక్కణ్ణుంచి హైదరాబాదు. పెద్దపేగు చివర పుట్టిన పుండు చుట్టూ పాకింది, కోతకి ఒళ్లు ఆగదు అన్నాడు అక్కడి డాక్టరు. క్యాన్సర్ అనే మాట నేనే అడిగి అనిపించాను. "ఇంటికి తీసుకెళ్లండి. నొప్పికి గోళీలు రాస్తున్నాను. శుభ్రంగా ఉంచండి. మిగతాది దేవుడి మీద భారం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వైద్యం చేతకాని చోట దేవుణ్ణి డ్యూటీలోకి దింపడం ఏం శాస్త్రం? "శుభ్రంగా అంటే ఎలా? ఎవరు చూపిస్తారు?" అని అడిగాను. ఆయన తర్వాతి రోగి చీటీ అందుకున్నాడు. బస్సులో దారంతా ఆ డాక్టర్ని మనసులో ఓడిస్తూ వచ్చాను. ఇంటి మెట్టెక్కాక అర్థమైంది, ఆయన్ని ఎన్నిసార్లు ఓడించినా నాకు ఆ పని రాదని. మా సభల్లో మనిషి చనిపోయాక ఏం చేయాలో చెప్పాం. కర్మకాండలొద్దు, కళ్లు దానమివ్వండి, దేహాన్ని వైద్య కళాశాలకివ్వండి అన్నాం. చనిపోవడానికి ముందు మంచం మీద ఉండే రోజుల గురించి మేం ఒక్క సభ పెట్టలేదు. ఆ రోజుల్ని మొత్తం గుడికీ చర్చికీ వదిలేశాం. వదిలేసి, వాళ్లు వాటిని వాడుకుంటున్నారని తిట్టాం.

మామగారు మంచం వసారాలోనే వేయమన్నారు, పొలం కనపడుతుందని. పొలం వైపూ గుంజ వైపూ సందు వదిలి మంచం చుట్టూ తడిక కట్టాం. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత పంచెల మడతలు, నడుం కింద పుండ్లు పడకుండా గాలి కొట్టిన స్కూటరు ట్యూబు. గుంజ ఆయన తల వైపున ఉంది. గుంజకి ఇవతల నడిల్లు, అంటే నేను.

కడగడం, గుడ్డలు మార్చడం మా ఆయన చేసేవాడు. కొడుకు కాబట్టి మామగారు ఒప్పుకున్నారు. కానీ మా ఆయనకి పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం. పగటి షిఫ్టు వారంలో తెల్లవారకముందే బస్సుకి వెళితే చీకటి పడ్డాకే రావడం. ఆ వారం పగలంతా ఎవరు చూడాలి?

మా పక్కింట్లో ఫారెస్టు గార్డు కుటుంబం ఉండేది. అతని భార్య మేకల్ని పెంచేది, ఆదివారం చర్చికి వెళ్లేది, మిగిలిన రోజులు నాతో వాదించేది. "పాలేరును పెట్టుకోరాదు వదినె? మొగ మనిషికి మొగ మనిషి" అంది. ఆ మాట తడిక లోపలికి వినపడింది. దగ్గు వినపడింది. "గుంజా, లోపల చెప్పు. నా పొలంలో నాగలి పట్టినోడు నా పంచె విప్పకూడదు."

ఒక మనిషి మలాన్ని ఇంకో మనిషి చేత ఎత్తించడం నాగరికత కాదని రాసినదాన్ని నేను. ఆయన అలా అన్నందుకు నా సిద్ధాంతం బతికిందనుకున్నాను. ఆ వెంటనే నా చేతుల వైపు చూసుకున్నాను. సిద్ధాంతం ప్రకారం ఇక మిగిలింది అవే.

మొదటి రోజు గోరువెచ్చని నీళ్లలో వేపాకు వేసి, గుడ్డలు తీసుకుని తడిక తీశాను. శరీరంలో మైల లేదు, మలం కూడా తిన్న అన్నమే, ఆడ మగ తేడా రోగి దగ్గర లేదు అని అడుగడుక్కీ నాకు నేను చెప్పుకుంటూ వెళ్లాను. దుప్పటి ఎత్తగానే వాసన కొట్టింది. పుండు వాసన మామూలు వాసన కాదు. చెప్పుకున్నవన్నీ ఒక్కసారిగా పోయాయి, చెయ్యి దానంతటదే కొంగుని ముక్కుకి అడ్డం పెట్టింది. తలెత్తితే మామగారు నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆయన నా మొహం చూడడం అదే మొదటిసారి. ఆయన చూసింది ముక్కు మూసుకున్న మొహాన్ని. చప్పున కళ్లు మూసుకున్నారు. నేను కొంగు తీసేశాను కానీ ఆలస్యమైపోయింది. పని ఎలా పూర్తి చేశానో గుర్తులేదు. బావి దగ్గరికెళ్లి వాంతి చేసుకున్నాను. ఆ చప్పుడు ఆయనకి వినపడి ఉంటుందని, వాంతి కన్నా ఎక్కువగా దానికి ఏడ్చాను.

సాయంత్రానికి నాకు ధైర్యం వచ్చింది. అది తప్పు ధైర్యం. మా ఇద్దరి సిగ్గుకీ కారణం ఆ పాత మర్యాదేనని తేల్చుకున్నాను. దూరం ఉంది కాబట్టే సిగ్గు, దూరం తీసేస్తే సిగ్గు పోతుంది. తర్కంలో ఎక్కడా లొసుగు లేదు. స్టూలు తెచ్చుకుని మంచం పక్కనే ఎదురుగా కూర్చున్నాను.

"మామయ్యగారూ, ఇక గుంజ వద్దు. ఏం కావాలన్నా నాతోనే చెప్పండి. నొప్పి ఉంటే నొప్పని, తడిస్తే తడిసిందని చెప్పండి. ఇందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు."

ఆయన పైకప్పు వాసాల వైపు చూశారు. "బానే ఉంది" అన్నారు.

ఆ రోజు నుంచి ఏమడిగినా అదే మాట. నొప్పా? బానే ఉంది. తడిసిందా? బానే ఉంది. జావ తాగుతారా? బానే ఉంది, అక్కడ పెట్టు అన్నట్టు చెయ్యి చూపేవారు. పెట్టి, కాసేపాగి వస్తే గ్లాసు ఖాళీగా ఉండేది. సంస్కరణ ఫలించిందని మా ఆయనకి చెప్పాను. అతను "నాన్నకి పగలు కడగాల్సిన అవసరమే రావడం లేదటగా" అని ఆశ్చర్యపోయాడు. నిజమే. రోజురోజుకీ గుడ్డలు పొడిగా ఉంటున్నాయి. గోళీలు పనిచేస్తున్నాయనుకున్నాం.

ఆయన మాత్రం ఎండిపోతున్నారు. పెదాలు పగిలాయి. నాలుక తడారి మాట అంటుకుపోతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిపించాను. అతను చేతి మీద చర్మం పట్టి గిల్లి వదిలాడు.

"చూడున్రి మేడం, గిల్లితే గట్లనే నిలబడ్తాంది. ఒంట్ల నీళ్లు లెవ్వు. తాగిస్తున్నరా లేదా?"

"అడిగినప్పుడల్లా ఇస్తున్నా. ఖాళీ గ్లాసే తిరిగొస్తోంది."

"మరి యాడికి పోతున్నయ్ నీళ్లు? గిట్లనే ఉంటే శానా రోజులు ఆగడు" అని సెలైన్ సీసా వేలాడదీసి వెళ్లాడు.

ఎక్కడికి పోతున్నాయో పక్కింటి మేక చెప్పింది. నడి ఎండాకాలం, ఊరంతా మాడిపోయి ఉంది. మధ్యాహ్నం ఆ మేక తాడు తెంపుకుని మా తడిక బయటికి వచ్చి నిలబడింది. దాన్ని లాగడానికి వచ్చిన గార్డు భార్య కేక పెట్టింది.

"వదినె, ఇటు రా జర. గింత ఎండల మీ తడిక కాడ పచ్చగడ్డి ఎట్ల మొలిచింది? నా మేక ఊకె ఈడికే ఉరుకుతాంది."

వెళ్లి చూశాను. తలగడకి పక్కగా, బయటి వైపు తడిక మొదట్లో జానెడు మేర పచ్చగా గడ్డి. నేల తడిగా ఉంది. తడిక సందుల్లో జావ ఎండి అట్టకట్టింది, దాని మీద చీమలు బారు కట్టాయి. నేనిచ్చిన ప్రతి గ్లాసూ అక్కడికే పోయింది. కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు నాలుగు గుక్కలు తాగుతున్నారు. నేనొక్కదాన్నే ఉన్న పగళ్లలో ఏమీ తాగడం లేదు. లోపలికి ఏమీ పోకపోతే బయటికి ఏమీ రాదు. నా చేత కడిగించుకోవడం కన్నా ఎండిపోవడం మేలనుకున్నారాయన.

అప్పుడు నాకు జాలి కలగాలి. కోపం వచ్చింది. తడిక తోసుకుని లోపలికి వెళ్లి నిలబడి మొదలుపెట్టాను.

"ఇది ఆత్మహత్య కాదా? ఎందుకీ సిగ్గు? మనిషై పుట్టాక ఎవరికి లేదు ఈ శరీరం? మీరు పసిబిడ్డగా ఉన్నప్పుడు ఒకరు కడగలేదా? రేపు నాకొస్తే ఒకరు కడగరా? ఎవరో ఎప్పుడో పెట్టిన మర్యాద కోసం ప్రాణం తీసుకుంటారా? చెప్పండి, జవాబు చెప్పండి!"

సభలో అయితే చప్పట్లు కొట్టేవారు. ఇక్కడ మామగారు దిండు పక్కనున్న తువ్వాలు మెల్లగా లాక్కుని మొహం మీద కప్పుకున్నారు. తువ్వాలు కింద గడ్డం వణకడం తెలుస్తోంది. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. తడిక అవతలి నుంచి గార్డు భార్య గొంతు వినపడింది.

"ఇగ సాలు వదినె. ఈడ మైకు లేదు."

తడిక దాటి బయటికి వచ్చాను.

ఆమె మేక మెడ పట్టుకుని నా మొహంలోకి చూడకుండానే అంది. "ముసలాయనను గెలిస్తే నీకేమొస్తది చెప్పు? ఆయన సిగ్గు ఆయనకే ఉండనియ్. గదొక్కటే మిగిలె పాపం."

"సిగ్గు ప్రాణం తీస్తుంటే ఉండనివ్వాలా?"

"సిగ్గు తీస్తలేదు. నువ్ స్టూలేసుకొని ఎదురుంగ కూసుంటున్నవ్ సూడు, గది తీస్తాంది. గుంజకు చెప్పుకొనేటోడు గదా. గుంజ నోరు నువ్వే మూయిస్తివి."

దేవుడి విషయంలో ఆమె నన్ను ఒక్కసారి కూడా గెలవలేదు. ఇందులో గెలిచింది.

స్టూలు తీసుకొచ్చి వంటింట్లో పెట్టేశాను. నడింట్లో గుంజ ఇవతల నిలబడ్డాను. చేయబోతున్న పని నాకే అసహ్యంగా ఉంది. కొయ్యని పిలవాలి. రాయికి మొక్కేవాళ్లని నవ్విన నోటితో కొయ్యని పేరు పెట్టి పిలవాలి. ఎవరైనా చూస్తారేమోనని వీధి వైపు చూశాను కూడా. తర్వాత ముందు ఒకసారి దగ్గాను, ఆయన దగ్గినట్టే.

"గుంజా" అన్నాను. "పెద్దాయన నీళ్లు పారబోస్తున్నారట. నీళ్లు లేకపోతే లోపల గట్టిపడి నొప్పి ఇంకా పెరుగుతుందట. ఏం చేద్దామంటారో కనుక్కో."

అవతల మంచం కిర్రుమంది. ఆయన నవ్వుతారేమోనని భయపడ్డాను. తిడతారేమోనని కూడా.

"గుంజా, లోపల చెప్పు." మాట ఎండిపోయి ఉంది. "తాగితే మళ్లీ పని పడుద్ది."

"పడితే పడనీ. లోపలివాళ్లకి వేరే పనేం లేదని చెప్పు."

"లేకేం. పేపర్లకి రాసుకోవద్దూ?"

నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. ఈసారి నవ్వు ఆపడానికి కాదు.

కాసేపటికి ఆయనే షరతులు చెప్పారు. ఒక్కొక్క మాట గుంజకి అప్పజెప్పుతున్నట్టు ఆగి ఆగి చెప్పారు. "గుంజా, నేను దగ్గినాకే రమ్మను. అప్పటికి నా మొహాన తువ్వాల కప్పుకుని ఉంటా. తువ్వాల తియ్యమాకని చెప్పు. అప్పుడేమీ మాట్లాడమాకని చెప్పు. పనయ్యాక వెళ్లిపోయి గిన్నె చప్పుడు చెయ్యమను, అప్పుడు తువ్వాల తీస్తా." మళ్లీ ఆగారు. "ఇంకోటి కూడా చెప్పు. ముక్కు మూసుకోవాలంటే మూసుకోమను. నేను చూడను గదా."

గుంజని పట్టుకుని నిలబడ్డాను. ఆ చివరి మాటకి ఏ గిన్నె చప్పుడు చేయాలో నాకు తెలియలేదు. జీవితంలో చాలామంది నన్ను తిట్టారు, సభల్లో చెప్పులు చూపించారు. ఎవరూ నన్ను అంత సిగ్గుపడేలా చేయలేదు.

గుంజ పక్క నుంచి చెయ్యి చాపి గ్లాసు అందించాను. గుటకలు వినపడ్డాయి. ఖాళీ గ్లాసు తిరిగి వచ్చింది. తడిక బయటికి వెళ్లి చూశాను. నమ్మకం లేక కాదు, ఉండబట్టలేక. కొత్త తడి లేదు.

అలా మొదలైంది. దగ్గు వినపడితే నీళ్లు, గుడ్డలు పట్టుకుని వెళ్లేదాన్ని. ఆయన మొహాన తువ్వాలు, నా నోట మౌనం. కడిగి, తుడిచి, ఒక పక్కకి తిప్పి కింద అరటాకు పరిచి, పొడి గుడ్డ వేసి వచ్చేసేదాన్ని. ముక్కు మూసుకోలేదు. మూసుకోకుండా ఉండగలిగేంత గొప్పదాన్నయ్యానని కాదు. మూసుకోవచ్చని ఆయన చెప్పాక చెయ్యి లేవలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నె మీద గరిటెతో కొడితే, వసారాలోంచి పెద్ద నిట్టూర్పు వినపడేది.

మొహం కప్పుకుని కడిగించుకున్న మనిషి గుంజతో మాత్రం అన్నీ చెప్పడం మొదలుపెట్టారు. "గుంజా, లోపల చెప్పు. నడుం కింద నిప్పులు పోసినట్టుంది. పొద్దున్నేసిన గోళీ మద్దేన్నానికి దిగిపోతంది." ఇన్నాళ్లూ 'బానే ఉంది' అనే మాట కింద ఉన్న నొప్పి ఇదన్నమాట. ఆర్‌ఎంపీ చేత హైదరాబాదు డాక్టరుకి ఫోను చేయించి గోళీల వేళలు మార్పించాం. నొప్పి వచ్చాక వేయడం కాదు, రాకముందే వేయాలట. ఆ మాట ఆ డాక్టరు మొదటే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఆయన చెప్పలేదు, ఈయన చెప్పలేదు, చెప్పే దారి నేను మూసేశాను.

"గుంజా, జావలో ఉప్పు ఎక్కువైందని చెప్పు. కోపంగా ఉన్నప్పుడు రాసినట్టే వండుద్దేమో." "గుంజా, ఆ బత్తాయిలు తెచ్చినోళ్లని లోపలికి రానియ్యొద్దని చెప్పు. చూట్టానికొచ్చి చూడకూడనివన్నీ చూస్తన్నారు." ఆ రెండోది నేను సంతోషంగా అమలు చేశాను. పలకరింపు పేరుతో బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని వచ్చి, తడికలోకి తొంగిచూసి, ఏ జన్మలో ఏం పాపమో అనే జనాన్ని మెట్టు దగ్గరే ఆపాను. పాపం కాదు, పేగులో పుండు అని గట్టిగానే చెప్పాను. నా నోరు పనికొచ్చిన చోటు అదొక్కటే.

వాసనకి సాంబ్రాణి వేయమన్నారు. వేశాను. పొగ చూసి గార్డు భార్య వచ్చింది. నేను గుంజ దగ్గర నిలబడి "గుంజా, పక్కకి తిరుగుతారేమో కనుక్కో" అంటున్నాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది వదినె గిది? దేవుడు లేడంటివి. ఇప్పుడు గుంజకు సాంబ్రాణేసి మొక్కుతున్నవా?"

"వాసనకి వేశాను."

"అవ్ అవ్, మా పాస్టరు గూడ గట్లనే అంటడు, వాసనకే అని." నవ్వి, లోపలికి వినపడేలా గొంతు పెంచింది. "పెద్దాయనా, నీ కోడలు దారికొచ్చింది."

తడిక లోపలి నుంచి దగ్గు. "గుంజా, ఆవిడకి చెప్పు. దారికొచ్చింది కోడలు కాదు, నేను."

నిజం అది కూడా కాదు. ఎవరం దారికి రాలేదు. ఆయన సిగ్గు ఆయన తువ్వాలు కింద అలాగే ఉంది. నా సిగ్గు నా చేతుల్లో అలాగే ఉంది. సిగ్గు పోగొట్టుకోవాలని కూర్చుంటే ఆయన ఎండిపోయి చనిపోయేవారు. దాన్ని పెట్టుకునే పని చేశాం. ఇది నా సిద్ధాంతంలో ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియదు. ఇప్పటికీ దీన్ని వ్యాసంగా రాయలేకపోయాను.

వానలు పడే ముందు ఆయన బాగా కుంగారు. మాట సన్నబడింది. దగ్గే శక్తి పోయింది. మంచం కోడు మీద వేళ్లతో కొట్టేవారు, అదే దగ్గు కింద లెక్క. నీళ్లు మళ్లీ వద్దంటున్నారు. ఈసారి పారబోయడం కాదు, మింగుడు పడకనే అన్నాడు ఆర్‌ఎంపీ. దూదితో పెదాలు తడపమన్నాడు. అయినా నా అనుమానం నాది. వద్దన్న ప్రతిసారీ, నొప్పి వల్లా, నా వల్లా అని గుంజని అడగాలనిపించేది. అడగలేదు. ఏ జవాబు వస్తుందోనని భయం.

ఒకరోజు పట్టపగలు, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, నేను నడింట్లో పాత పంచెలు చింపి మడతలు పెడుతున్నాను. కోడు మీద వేళ్ల చప్పుడు లేదు.

"అమ్మాయ్."

ఎవరిని పిలుస్తున్నారోనని వీధి వైపు చూశాను. ఎవరూ లేరు. గార్డు భార్య మేకలు తోలుకుని అడవి వైపు వెళ్లింది. మళ్లీ వినపడింది.

"అమ్మాయ్, గుడ్డ తడిసింది. మార్చు."

గుంజ దాటి వెళ్లాను. తువ్వాలు దిండు పక్కన మడిచే ఉంది. ఆయన మొహం మీద ఏమీ లేదు. కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు. మొదటి రోజు చూసిన చూపు కాదది. పని చేసేవాళ్లని పని ఇచ్చినవాళ్లు చూసే మామూలు చూపు.

ఏళ్ల తరబడి నేను కోరింది ఇదే. మనిషి మనిషితో నేరుగా మాట్లాడడం. కొయ్యని మధ్యలోంచి తీసేయడం. ఆయన తీసేశారు. నా వల్ల కాలేదు. మొహమంతా వేడెక్కింది. చేతికి అలవాటైన పనే, కానీ ఆయన కళ్లు చూస్తుండగా చెయ్యి కదల్లేదు. వెనక్కి తిరిగి గుంజ వైపు చూశాను.

"గుంజా, నీళ్లు వెచ్చబెట్టి ఇప్పుడే వస్తున్నానని చెప్పు."

మంచం మీంచి చిన్న శబ్దం వచ్చింది. అది నవ్వేనని తర్వాత అర్థమైంది.

నీళ్లు తెచ్చాను. కడిగాను. ఆయన చూస్తూనే ఉన్నారు, నేను గుంజనే చూస్తూ కడిగాను. పొడి గుడ్డ వేసి దుప్పటి సర్దుతుంటే, "దాహంగా ఉంది" అన్నారు. దూది ముంచబోతే తల అడ్డంగా ఊపారు. గ్లాసు వైపు చూపించారు.

తల కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాను. కొంచెం కొంచెంగా, మధ్యలో ఆయాసం తీర్చుకుంటూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు. కాసేపటికి గుడ్డ మళ్లీ తడిసింది. "అమ్మాయ్" అన్నారు. మళ్లీ మార్చాను, గుంజ వైపు చూస్తూనే.